ఇరవై కిలోల గీత

ఏజెన్సీ నుంచి నర్సీపట్నం మీదుగా మైదానానికి దిగే గంజాయి ఎక్కువగా ఒకే రూపంలో పట్టుబడుతుంది. ఎండబెట్టి, నొక్కి, ఇటుకలా కట్టి, పైన ఖాకీ రంగు టేపు బిగించి చుట్టిన ప్యాకెట్లు. ఒక్కోటి రెండు కిలోలు, అటూ ఇటూగా. భుజాన వేసుకునే బ్యాగులో నాలుగైదు పడతాయి, ట్రావెల్ బ్యాగులో పది పన్నెండు. పది ప్యాకెట్లంటే 20 కిలోలు. పదకొండోది కూడా పడితే 22. సరుకు యజమానికి ఆ పదకొండో ప్యాకెట్టు కాస్త అదనపు లాభం. మోసేవాడికి కనీసం పదేళ్ళ జైలు.

లెక్క ఇదీ. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద 2001 అక్టోబరు 19న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ గంజాయికి రెండు గీతలు గీసింది. కిలోకు తక్కువైతే ‘చిన్న పరిమాణం’. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. సరిగ్గా 20 అయితే ఇంకా వాణిజ్యం కాదు, దాటితేనే. 20వ సెక్షన్ ప్రకారం చిన్న పరిమాణానికి ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మధ్యలో ఉన్నదానికి పదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వాణిజ్య పరిమాణమైతే పదేళ్ళకు తగ్గకుండా ఇరవై ఏళ్ళ దాకా జైలు, లక్షకు తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా. ఆ ‘తగ్గకుండా’ అన్న ఒక్క మాట జడ్జి చేతులు కట్టేస్తుంది. బోనులో నిలబడ్డది మొన్ననే పద్దెనిమిది నిండిన గిరిజన కుర్రాడైనా, నాలుగు రాష్ట్రాలకు సరుకు తోలే ఆసామి అయినా కనిష్ఠ శిక్ష ఒక్కటే.

గంజాయిని నేరం కాకుండా చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చంతా విశాఖ ఆర్కే బీచ్‌లో సిగరెట్టులో కూరుకుని కాల్చే కుర్రాడి చుట్టూనే తిరుగుతుంది. అతని సంగతీ చూడాల్సిందే, చూద్దాం. కానీ విశాఖపట్నంలో కూర్చుని ఆలోచిస్తే అసలు చిక్కు కిలో గీత దగ్గర లేదు, ఇరవై కిలోల గీత దగ్గర ఉంది. రాష్ట్రం ఏ సంస్కరణ తెచ్చినా సరే, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు నుంచి వచ్చి అడవివరం సెంట్రల్ జైల్లో కూర్చున్న మోత కూలీకి అందులో ఏముంది? నా మొదటి ప్రశ్న ఇదే. ఏమీ లేకపోతే అది నగరంవాళ్ళు నగరంవాళ్ళ కోసం రాసుకున్న చట్టం.

పట్టుబడ్డాక నడిచే తంతు చూస్తే ఎక్కడ ఏది బిగుసుకుంటుందో తెలుస్తుంది. ముందస్తు సమాచారం వస్తే 42వ సెక్షన్ కింద దాన్ని కాగితం మీద పెట్టి 72 గంటల్లోపు పై అధికారికి పంపాలి. ఒంటి మీద సోదా చేయాలంటే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయించుకునే హక్కు నీకుందని 50వ సెక్షన్ కింద చెప్పాలి. బాగానే ఉంది. అయితే ఆ రక్షణ ఒంటికే గానీ చేతిలో బ్యాగుకు లేదని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చేసింది. మోత కూలీ ఒంటి మీద ఏముంటుంది? ఉన్నదంతా బ్యాగులోనే. వీఆర్వోలో మరో ప్రభుత్వోద్యోగులో మధ్యవర్తులుగా సంతకాలు పెడతారు. కాటా తెప్పిస్తారు, తూకం వేస్తారు, సీలు వేస్తారు. తర్వాత 52ఏ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు సాంపిళ్ళు తీయాలి. గంజాయికైతే ఒక్కో సాంపిలు 24 గ్రాములకు తగ్గకూడదు, రెండేసి తీయాలి. ప్యాకెట్లన్నీ ఒకే తీరుగా ఉంటే 40 దాకా కలిపి ఒక లాటుగా కట్టొచ్చు. 2022 డిసెంబరులో వచ్చిన నియమాలు ఇవన్నీ వివరంగా చెబుతాయి. సాంపిలింగులో తప్పు దొరికితే కేసు పోతుందని ధీమాగా చెప్పే వకీళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 52ఏ పాటించకపోవడం ఒక్కటే కేసు కొట్టేయడానికి చాలదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, ఆ ధీమా కాస్త తగ్గించుకుంటే మంచిది.

అసలు పేచీ తూకంలో ఉంది. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క మొత్తం కాదు, పూత పట్టిన, కాయ కట్టిన కొసలు. ఆ కొసలతో కలిసి లేని ఆకులూ గింజలూ లెక్కలోకి రావు. ఉత్తరాదిలో ఆకుతో చేసే భంగు బాహాటంగా దొరకడానికి కారణం ఈ మినహాయింపే. కానీ కాటా మీదకెక్కే ప్యాకెట్టులో కొసలతోపాటు కాడ ఉంటుంది, గింజ ఉంటుంది, తేమ ఉంటుంది, ప్లాస్టిక్ కవరు, టేపు ఉంటాయి. టేపూ కవరూ కలిపి ప్యాకెట్టుకు 40 గ్రాములే అనుకుందాం. పది ప్యాకెట్లకు 400 గ్రాములు. కాటా 20 కిలోల 300 గ్రాములు చూపిస్తే లోపలున్న సరుకు 19 కిలోల 900. కవరుతో తూస్తే కనీసం పదేళ్ళు, విప్పి తూస్తే ఆ కనిష్ఠం లేదు. ఇక పచ్చి మొక్కలు పీకి తూసిన కేసుల్లో బరువులో ముప్పాతిక దాకా నీళ్ళే. ప్రాసిక్యూషన్ 2020 నాటి హీరాసింగ్ తీర్పు చూపిస్తుంది. మత్తు పదార్థంలో వేరే పదార్థం కలిపితే మొత్తం బరువునే లెక్కించాలని ఆ తీర్పు. కాడ అనేది ఎవరో కలిపిన పదార్థం కాదు, అసలు నిర్వచనంలోకే రాని భాగం. ఆ తేడా వాదించి ఒప్పించగల వకీలు సెషన్స్ కోర్టులో ప్రతి ముద్దాయికీ దొరకడు.

దీనికి చట్టం మార్చనక్కర్లేదు. కవరు తీసి తూయాలి, కాడా గింజా వేరు చేసి విడిగా బరువు రాయాలి, పచ్చి సరుకైతే ఎండాక మళ్ళీ మేజిస్ట్రేటు ముందు తూయాలి, మూడు తూకాలూ కాటా అంకెలు కనపడేలా ఫొటో తీసి పంచనామాకు జత చేయాలి. ఇంతే. రాష్ట్ర పోలీసు శాఖ ఒక సర్క్యులరు ఇస్తే జరిగిపోయే పని. ఇరవై కిలోల గీతకు అటూ ఇటూ ఊగే కేసులన్నీ దీంతో ఒక కొలిక్కి వస్తాయి.

గీత దాటితే ఏమవుతుందో ఇంకొంచెం చూడాలి, ఎందుకంటే శిక్ష తీర్పుకు ముందే మొదలవుతుంది. 37వ సెక్షన్ కింద వాణిజ్య పరిమాణం కేసులో బెయిలివ్వాలంటే ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని, బయటికెళ్ళి మళ్ళీ నేరం చేయడని కోర్టు తృప్తి పడాలి. బ్యాగుతో సహా దొరికినవాడి విషయంలో మొదటిది ఎలా చూపిస్తారు? మామూలు నేరాల్లో 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కు వస్తుంది. ఇక్కడ 36ఏ(4) కింద 180 రోజులు, పబ్లిక్ ప్రాసిక్యూటరు నివేదికతో ఏడాది దాకా పొడిగింపు. శిక్ష పడ్డాక 32ఏ సెక్షన్ కింద రెమిషన్, అంటే శిక్షా కాలం తగ్గింపు, లేదు. హత్య కేసులో జీవితఖైదు పడ్డవాడు సత్ప్రవర్తన పేరుతో ఆగస్టు 15న బయటికి రావచ్చు, 22 కిలోలు మోసినవాడికి ఆ దారి మూసేశారు. 33వ సెక్షన్ కింద పద్దెనిమిదేళ్ళు దాటినవాడికి ప్రొబేషన్ కూడా లేదు, అంటే జైలుకు పంపకుండా సత్ప్రవర్తన షరతు మీద వదిలే వీలు లేదు, వాడకం లాంటి ఒకటి రెండు నేరాల్లో తప్ప. విచారణ విపరీతంగా ఆలస్యమైతే 37 అడ్డురాదని సుప్రీంకోర్టు 2023లో రెండుసార్లు చెప్పింది, అందులో ఒకటి ఒడిశా గంజాయి కేసే. అంత దూరం వెళ్ళగలిగినవాళ్ళకు అది ఊరట.

అదే ఏడాదుల్లో కోర్టులు ఇచ్చిన మంచి తీర్పులు ఎవరికి పనికొచ్చాయో గమనించండి. దర్యాప్తు అధికారి ముందు 67వ సెక్షన్ కింద ఇచ్చే ఒప్పుకోలు వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని 2020లో తోఫాన్ సింగ్ తీర్పు చెప్పింది. సరైన తీర్పే, కొట్టి సంతకాలు చేయించుకునే అలవాటుకు అది కళ్ళెం. కానీ మొదటి ముద్దాయి (ఏ-1) వాంగ్మూలంలో మాత్రమే పేరున్న నాలుగో ముద్దాయి (ఏ-4), అంటే సరుకు కొన్నవాడు, పెట్టుబడి పెట్టినవాడు, దాంతో తేలిగ్గా బయటపడతాడు. ఏ-1 బ్యాగుతో దొరికాడు గనక అతనికి ఒప్పుకోలుతో పనే లేదు, సరుకు దొరికితే చాలు, కాదని రుజువయ్యేదాకా నేరం అతనే చేశాడని 54వ సెక్షన్ కింద కోర్టు అనుకోవచ్చు. చట్టం పరిమాణాన్ని చూస్తుంది, పాత్రను చూడదు. తనది కాని సరుకును కూలికి మోసేవాడి చేతిలోనే ఎప్పుడూ పరిమాణం ఉంటుంది.

ఇందుకు చట్టంలోనే ఒక దారి ఉంది, వాడరు. 64వ సెక్షన్. సాక్ష్యం కోసం అవసరమనుకుంటే కారణాలు రాసి, పూర్తి నిజం చెప్పాలనే షరతు మీద ఏ నిందితుడికైనా ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రంతోపాటు రాష్ట్ర ప్రభుత్వానికీ ఉంది. మొదటిసారి దొరికిన మోత కూలీకి ఇది ఇవ్వొచ్చు. అయితే కోర్టులో అతను సాక్ష్యం చెప్పేనాటికి ప్రాణంతో ఉండాలి, ఊళ్ళో ఇల్లు నిలవాలి. సాక్షి రక్షణకు డబ్బు పెట్టకుండా 64 వాడితే ఆ కుర్రాణ్ణి రెండు వైపుల నుంచీ చంపినట్టే. రాష్ట్రంలో 2024 చివర్లో ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగం పెట్టారు, 1972 టోల్‌ఫ్రీ నంబరు తెచ్చారు. ఎన్ని కిలోలు పట్టారన్న లెక్క పక్కన, 64 కింద ఎంతమంది కూలీల సాక్ష్యంతో ఎంతమంది యజమానులకు శిక్ష వేయించారన్న లెక్క కూడా ఆ విభాగం నుంచి అడగాలి.

సాగు సంగతి ఇంకా విచిత్రం. మొక్క పెంచడానికి పరిమాణం గీతలు అసలే లేవు. పెరట్లో ఒక మొక్కయినా, కొండవాలులో పదెకరాలైనా 20వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కనిష్ఠ శిక్ష లేకపోవడం వల్ల జడ్జికి కాస్త వెసులుబాటు ఉంది గానీ, రిమాండుకు పంపేటప్పుడు ఒక మొక్కకూ పదెకరాలకూ తేడా కనపడదు. 2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో పోలీసులు ఏజెన్సీ కొండల్లో వేలాది ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. తోట నరికినంత తేలిక కాదు దాని స్థానంలో ఇంకోటి నిలబెట్టడం. గంజాయి వానల మొదట్లో నాటితే ఏడాది తిరక్కుండా చేతికొస్తుంది, వ్యాపారి ముందే అడ్వాన్సు పట్టుకుని గుమ్మం దగ్గరికొస్తాడు. కాఫీకి ముందు సిల్వర్ ఓక్ నీడ లేవాలి, తర్వాత మొక్క కాపుకు మూడు నాలుగేళ్ళు పడుతుంది, మిరియాల తీగ కూడా అంతే. ఆ మూడేళ్ళ ఖాళీలో ఇల్లు ఎలా గడుస్తుందన్నదానికి జవాబు చెప్పని పథకం ఏదైనా ఫొటోలకే. పసుపు, రాజ్మా, అల్లం ఆ ఖాళీలో కొంత నిలబెడతాయి, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) సకాలంలో సరైన ధరకు కొంటేనే.

ఇక రాష్ట్రం చట్టం మార్చగలదా? అమెరికాను చూసి, అక్కడ ఒక్కో రాష్ట్రం మార్చుకుంది కదా, మనమెందుకు మార్చుకోకూడదు అంటారు. ఒరెగాన్ 1973లోనే ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల దాకా గంజాయిని 100 డాలర్ల జరిమానాకు దించింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ ఓటర్లు అమ్మకానికే తలుపు తెరిచారు. కానీ అక్కడ రాష్ట్రానికి సొంత శిక్షాచట్టం ఉంటుంది, ఫెడరల్ చట్టం వేరుగా ఉంటుంది. రాష్ట్రం తనది తీసేసుకుంటే రాష్ట్ర పోలీసు చేతులు దులుపుకుంటాడు, ఫెడరల్ చట్టం అమలు చేయమని అతణ్ణి బలవంతం చేయలేరు. మన దగ్గర తీసేయడానికి రాష్ట్ర నేరమే లేదు. ఉన్నది పార్లమెంటు చేసిన 1985 చట్టం. దాన్ని అమలు చేసేది మన పోలీసే. రాజ్యాంగం 256వ అధికరణం ప్రకారం రాష్ట్రం పార్లమెంటు చట్టాలకు లోబడే నడవాలి.

అయినా మూడు తలుపులు ఉన్నాయి.

మొదటిది చట్టంలోనే ఉన్న 10, 14 సెక్షన్లు. చరస్ (మొక్క జిగురు) మినహా గంజాయి సాగు, రవాణా, అమ్మకం, వాడకాలను నియమాలతో అనుమతించి నియంత్రించే అధికారం 10వ సెక్షన్ రాష్ట్రానికే ఇచ్చింది, అయితే 8వ సెక్షన్ గీసిన వైద్య, శాస్త్రీయ అవసరాల గిరిలోపలే. 14వ సెక్షన్ నార కోసం, గింజ కోసం సాగును అనుమతించనిస్తుంది. ఉత్తరాఖండ్ 2018లో ఆ దారి పట్టింది, మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదనే షరతుతో. దీన్నే మన ఏజెన్సీకి మందు అంటూ చెప్పేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఇది పగటి పొడుగు తగ్గితే పూతకొచ్చే మొక్క. చలి దేశాల్లో వేసవిలో పదహారు గంటల పగలు చూసి నిలువెత్తు పెరిగే నార రకాన్ని 18 డిగ్రీల అక్షాంశంలో, పదమూడు గంటలు దాటీ దాటని పగటిలో వేస్తే ఎదగక ముందే పూత పట్టేస్తుంది, నార రాదు. పైగా పక్క కొండ మీద మత్తు ఎక్కువున్న షీలావతి రకం గంజాయి ఉంటే దాని పుప్పొడి వచ్చి పడుతుంది, వచ్చే ఏడు ఆ గింజ వేస్తే పంటలో 0.3 దాటుతుంది. అప్పుడు లైసెన్సున్న రైతే ముద్దాయి. స్థానిక రకం తయారయ్యేదాకా ఇది పరిశోధన క్షేత్రాల్లో ఉండాల్సిన పని.

రెండోది రాజ్యాంగంలోని 254(2). ఉమ్మడి జాబితాలోని అంశంపై రాష్ట్రం కేంద్ర చట్టానికి విరుద్ధంగా చట్టం చేసి, గవర్నరు దాన్ని రాష్ట్రపతికి నివేదించి, ఆమోదం వస్తే ఆ రాష్ట్రంలో అదే చెల్లుతుంది. జల్లికట్టు కోసం తమిళనాడు 2017లో జంతు హింస నివారణ చట్టాన్ని ఇలాగే సవరించుకుంది, 2023లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ‘మందులు, విషాలు’ ఉమ్మడి జాబితాలో 19వ అంశం. అన్నట్టు, ‘ఇండియన్ హెంప్’ మీద ఎక్సైజ్ సుంకం వేసే అధికారం ఈరోజుకీ రాష్ట్ర జాబితా 51వ అంశంలో అలాగే పడి ఉంది, వేయడానికి వస్తువే లేకపోయినా. కేంద్రం చెప్పగల గట్టి అభ్యంతరం ఒకటి: ఇది అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు 253 కింద చేసిన చట్టం, ఉమ్మడి జాబితా వ్యవహారం కాదు, కాబట్టి 254(2) పనికిరాదు అనొచ్చు. దానికి జవాబు బిల్లు రాసే తీరులోనే ఉండాలి. 8వ సెక్షన్ నిషేధాన్ని ముట్టుకోకుండా శిక్షను మాత్రమే మార్చాలి. వ్యక్తిగత వాడకం విషయంలో ప్రతి దేశం తన రాజ్యాంగ సూత్రాలకు లోబడి నడుచుకోవచ్చని మాదకద్రవ్యాల మీద 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందమే అంటోంది. పోర్చుగల్ 2001 నుంచి 25 గ్రాముల దాకా గంజాయిని నేరం నుంచి తప్పించి, ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు పంపుతూ అదే ఒప్పందంలో కొనసాగుతోంది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి కమిషన్‌లో గంజాయిని అతి ప్రమాదకర పదార్థాల నాలుగో షెడ్యూలు నుంచి తీసేసే ఓటు 27-25తో నెగ్గింది. నెగ్గించిన 27లో భారత్ ఒకటి. ఢిల్లీకి పంపే ఫైల్లో ఈ కాగితం పైనుండాలి.

పంపే ఉత్తరం కూడా ముఖ్యమే. కైజర్-ఇ-హింద్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, రాష్ట్రం ఏ కేంద్ర చట్టంతో వైరుధ్యం ఉందని చూపిస్తుందో ఆ మేరకే రాష్ట్రపతి ఆమోదం పనిచేస్తుందని. ‘ఎన్‌డీపీఎస్ చట్టంలోని 20, 27, 33, 37 సెక్షన్లకు వైరుధ్యం’ అని విడివిడిగా రాయాలి. గుండుగుత్తగా రాస్తే ఆమోదం వచ్చాక కూడా కోర్టులో పడిపోతుంది. వస్తుందన్న హామీ లేదు. 2019 డిసెంబరులో మన అసెంబ్లీ ఆమోదించిన దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదన్నది అందరికీ తెలుసు. మరీ ఎక్కువ కోరిన బిల్లులు అక్కడే ఆగుతాయి.

మూడో తలుపు గురించి ఎవరూ మాట్లాడరు, నాకైతే ఇదే దగ్గరిది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు, 5(1) పేరా. ‘రాజ్యాంగంలో ఏమున్నా సరే’ అని మొదలవుతుంది. షెడ్యూల్డు ప్రాంతానికి పార్లమెంటు చట్టమేదైనా వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. పాత విశాఖ జిల్లా ఏజెన్సీ మండలాలు, అంటే ఇప్పటి అల్లూరి జిల్లాలో ఉన్నవి, షెడ్యూల్డు ప్రాంతమే. అక్కడ సాగుకు చట్టం ఎలా వర్తించాలో ఈ పేరా కింద మార్చవచ్చు: పది మొక్కల లోపైతే పీకేసి హెచ్చరిక, అంతకు మించి పది సెంట్ల దాకా జరిమానా, ఆ పైన ఇప్పుడున్న శిక్ష, భూమి పట్టాదారుకూ పెట్టుబడిదారుకూ వేర్వేరు బాధ్యత. ఏజెన్సీ టీచరు పోస్టుల్లో నూరు శాతం రిజర్వేషన్ జీవోను 2020లో కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఈ పేరాకు హద్దులు గీసింది. ఉన్న చట్టాన్ని మార్పులతో వర్తింపజేయొచ్చు గానీ దీని కింద కొత్త చట్టం చేయకూడదు, ప్రాథమిక హక్కులు దాటకూడదు. శిక్ష తగ్గించే మార్పు ఆ హద్దుల్లోనే ఉంటుంది. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఇది కొండ మీదే పనిచేస్తుంది. మోత కూలీ ఘాటు దిగి నర్సీపట్నం వైపు అడుగు పెట్టగానే ఈ మినహాయింపు అతని వెనకే ఆగిపోతుంది. అందుకే సాగుకు 5(1), రవాణాకు 254(2) అని విడగొట్టుకోవాలంటాను.

రవాణా సవరణ చిన్నదిగా ఉండాలి. మొదటిసారి పట్టుబడ్డవాడు, సరుకులో యాజమాన్యం గానీ లాభంలో వాటా గానీ లేనివాడు, ఆయుధం లేనివాడు, మైనర్లను వాడనివాడు అయితే జడ్జి కారణాలు రాసి కనిష్ఠ శిక్షకు దిగువన వేయొచ్చు, ప్రొబేషన్ ఇవ్వొచ్చు, 37వ సెక్షన్ జంట షరతులు అతనికి వర్తించవు. యాజమాన్యం లేదని ఎలా తేలుతుంది అంటారు. ఫోన్ కాల్ డేటా, యూపీఐ లావాదేవీలు, బ్యాంకు ఖాతా, లాడ్జి రిజిస్టరు, ముందు వెళ్ళిన పైలట్ బండి. ఇవి సేకరించే బాధ్యత దర్యాప్తు అధికారి మీద పెట్టాలి, సేకరించకపోతే సందేహ లాభం కూలీకి పోవాలి. అప్పుడు పై వాడి దాకా వెళ్ళడానికి పోలీసులకూ ఒక కారణం దొరుకుతుంది.

బీచ్ కుర్రాడి సంగతి చూద్దామన్నాను. ఇక్కడ రాతలో ఒక ఉచ్చు ఉంది. 20వ సెక్షన్‌లో చిన్న పరిమాణం శిక్ష తీసేసి సంబరపడితే, 27(బి) కింద వాడకానికి ఆరు నెలల దాకా జైలు అలాగే ఉంటుంది, అతన్ని దాని కింద పట్టుకెళ్తారు. రెండూ కలిపి మార్చాలి. 2014లో నిర్వచనాల నంబర్లు జరిపి మత్తు వ్యాపారానికి డబ్బు పెట్టేవాళ్ళను శిక్షించే 27ఏలో పాత నంబరు వదిలేసినందుకు, ఆ నేరం కాగితం మీద ఏడేళ్ళు గాల్లో వేలాడింది, 2021లో వెనకటి తేదీతో దిద్దుకోవాల్సి వచ్చింది. ఢిల్లీ ముసాయిదాకారులే అలా చేశారంటే మనం ఇంకెంత చూసుకోవాలి. ఇక ఆ గీత ఎక్కడ? కిలో దాకా వదిలేయమని నేను అనను. ఒక చుట్టకు అర గ్రాము చొప్పున కిలో అంటే రెండు వేల చుట్టలు, అది వాడకం కాదు, దుకాణం. 25 గ్రాముల లోపు, 21 ఏళ్ళు నిండినవాడైతే సరుకు స్వాధీనం, నోటీసు, 1,000 రూపాయల జరిమానా, రెండోసారి కౌన్సెలింగు. బీటు కానిస్టేబుల్ దగ్గర గ్రాముల కాటా లేకపోతే మాత్రం ఈ గీతకు అర్థం లేదు, తూయడానికి అందరినీ స్టేషనుకే తీసుకెళ్తారు, తక్కినదంతా అక్కడ మామూలుగానే నడుస్తుంది.

ఇప్పుడున్న చట్టంలో దయ ఉన్న 64ఏ సెక్షన్ చూడండి. చిన్న పరిమాణంతో దొరికినవాడు ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో స్వచ్ఛందంగా పూర్తి చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. కానీ అది ‘వ్యసనపరుడికి’ మాత్రమే. అప్పుడప్పుడూ కాల్చేవాడు బయటపడాలంటే తాను బానిసనని రాసివ్వాలి. పాడేరు కుర్రాడైతే చికిత్సకు చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు దిగి రావాలి. ఎయిమ్స్ చేసిన 2019 జాతీయ సర్వే లెక్కలో గంజాయి జాతి పదార్థాలు వాడేవాళ్ళు సుమారు 3.1 కోట్లు, అందులో సాయం అవసరమైనవాళ్ళు సుమారు 72 లక్షలు. తక్కినవాళ్ళకు చికిత్సా అక్కర్లేదు, జైలూ అక్కర్లేదు.

పిల్లల తల్లుల భయాన్ని నేను కొట్టిపారేయను. పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవాళ్ళలో మతి చలించే జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది, చదువు దెబ్బతింటుంది, ఇందులో వాదన లేదు. అందుకే మైనర్లకు అమ్మేవాడి శిక్ష ఒక్క రోజు కూడా తగ్గకూడదు. మధురవాడ కాలేజీల చుట్టుపక్కల దొరికే చిన్న పొట్లాల వెనక ఉన్నది ఎవరో పట్టుకోవడానికి కావాల్సిన పోలీసు గంటలు ఇవాళ చుట్ట కాల్చినవాళ్ళ రిమాండు రిపోర్టులకు పోతున్నాయి. 47వ అధికరణం మత్తు వద్దంటోంది కదా అని ఇంకొకరు. నిజమే, అదే వాక్యంలో మద్యం కూడా ఉంది, మన ప్రభుత్వం 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకు క్వార్టరు అమ్మిస్తోంది.

హద్దు గొడవ కూడా తేలిక కాదు. మల్కన్‌గిరి, కోరాపుట్ నుంచి వచ్చే సరుకు ఎక్కువైపోయింది, మన సవరణ ఒడిశాలో చెల్లదు. విశాఖలో రైలెక్కిన కూలీ ఇచ్ఛాపురం దాటగానే పాత శిక్షలోకి వెళ్ళిపోతాడు. మన గడ్డ మీద దొరికితే మాత్రం పట్టుకున్నది రైల్వే రక్షణ దళమైనా, కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ (ఎన్‌సీబీ) అయినా మార్చిన చట్టమే వర్తించాలి. సవరణ చట్టానికే గానీ మన పోలీసు శాఖకు కాదు గనక అలాగే వర్తిస్తుంది. దాన్ని బిల్లులో ఒక వాక్యంగా రాసి పెట్టుకుంటే తర్వాత వాదన మిగలదు.

ఇక చివరి క్లాజు, బిల్లు రాసేవాళ్ళు చాలాసార్లు చివర్లో తొందరలో రాసేది: ఎప్పటినుంచి? 2001లో ఈ గీతలు గీసినప్పుడు, సవరణ చట్టం 41వ సెక్షన్ పెండింగు విచారణలకూ దర్యాప్తులకూ కొత్త శిక్షలు వర్తింపజేసి, అప్పీళ్ళను బయట పెట్టింది. ఆ విభజనను 2004లో సుప్రీంకోర్టు సమర్థించింది. అంటే ఒకే రోజు ఒకే బరువుతో దొరికిన ఇద్దరిలో విచారణ నత్తనడక నడిచినవాడు బాగుపడ్డాడు, త్వరగా తీర్పు వచ్చినవాడు పాత శిక్షే అనుభవించాడు. మన బిల్లులో ఆ గీత మళ్ళీ గీయకూడదు. విచారణలో ఉన్నవాళ్ళకూ, అప్పీల్లో ఉన్నవాళ్ళకూ, శిక్ష పూర్తిగా ఖరారై లోపల ఉన్నవాళ్ళకూ వర్తిస్తుందని విడిగా మూడు ఉపక్లాజులు రాయాలి. మూడోవాళ్ళు అప్పీలు వేసుకోనక్కర్లేకుండా, జైలు సూపరింటెండెంటే జాబితా తయారు చేసి 90 రోజుల్లో ప్రత్యేక కోర్టుకు పంపాలని అదే క్లాజులో ఉండాలి. అర్జీ రాసుకోవాల్సిన పని ఖైదీ మీద వదిలేస్తే, పదకొండో ప్యాకెట్టుతో లోపలికి వెళ్ళినవాళ్ళలో చాలామందికి ఆ చట్టం వచ్చిందన్న సంగతే తెలియదు.